కొంచెం వాసన చూడు చెల్లెమ్మా

చావు ఇంటికి సామాను పంపేటప్పుడు మా షాపులో పేరు అడగం. ఏ వీధి, ఎన్ని కుర్చీలు, షామియానాకి చోటుందా, అంతవరకే అడుగుతాం. పోయిందెవరండీ అని అడిగామంటే ఫోన్ చేసినవాళ్లు ఏడుపు అందుకుంటారు, ఇక సామాను సంగతి తేలదు. మా మామగారు పెట్టిన పద్ధతి ఇది. అందుకే ఆ రోజు పొద్దున మసీదు వెనక సందుకి షామియానా కావాలని ఫోనొస్తే ఎవరూ ఏంటీ అని నేను అడగలేదు. కుచ్చులు లేని తెల్లబట్ట, కుర్చీలు పంపించి నా పనిలో నేనున్నాను. సామాను దించి వచ్చిన పనివాడు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అక్కా, మన మెకానిక్ భాయ్ ఇల్లక్కా అది" అన్నాడు.

"అయ్యో, వాళ్లింట్లో ఎవరికేమైందిరా?"

"ఎవరికో ఏంటక్కా. ఆయనే."

ఎక్కడి పని అక్కడ వదిలేసి వెళ్లాను. మగవాళ్లంతా మా షామియానా కిందే కూర్చుని ఉన్నారు. లోపలి గదిలో ఆడవాళ్ల మధ్య ఆయన భార్య గోడకి ఆనుకుని ఉంది. తెనాలిలో టెంట్ హౌస్ నడిపేది నేనేనని, మా లారీకి ఆయనే మెకానిక్కని ఆమెకి తెలుసు. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోపెట్టుకుంది. ఊదుబత్తుల పొగ గదంతా కమ్మి ఉంది. నాకు దగ్గొచ్చింది.

"పొగ ఎక్కువైందా అమ్మా?" అని అడిగి, ఆమె కళ్లు తుడుచుకుంది. "ఆయనకి ఈ వాసన తెలీదు పాపం. బతికున్నప్పుడూ తెలీదు."

"అంటే ఏంటండీ?"

"ముక్కు పనిచేసేది కాదమ్మా ఆయనకి. మా పెళ్లయిన కొత్తల్లో ఏదో విషజ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ వాసన తెలియడం పోయింది. కూర మాడినా తెలిసేది కాదు. అత్తరు ఎంత పూసుకున్నాడో తెలిసేది కాదు, నేనే తుడిచి పంపేదాన్ని. మీకు చెప్పలేదా?"

"లేదండీ."

"ఎవరికీ చెప్పలేదులే. నాచేత ఒట్టేయించుకున్నాడు. ముక్కు లేని మెకానిక్కి బండి ఎవరిస్తారే అనేవాడు."

ఆ మాట విన్న దగ్గర్నుంచీ నా బుర్ర నా దగ్గర లేదు. ఇన్నేళ్లుగా తెలుసనుకున్న మనిషిని మళ్లీ మొదటినుంచీ తెలుసుకోవాల్సి వస్తోంది. తెలుసుకుందామంటే ఎదురుగా మనిషి లేడు. ఒక్కో సంగతీ గుర్తుకు తెచ్చుకుంటాను, ఇది ఇందుకన్నమాట అనుకుంటాను, వెంటనే మరి అదెందుకు అని ఇంకోటి అడ్డమొస్తుంది. అన్నం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకున్న రోజులున్నాయి.

అసలు మా లారీ సంగతి చెప్పాలి. మా మామగారు మిలటరీ వేలంలో కొన్న పాత పెట్రోలు బండి అది. పైన ఎన్ని రంగులు వేసినా గీసుకుపోయినచోటల్లా ఆకుపచ్చ బయటపడేది. దాని జబ్బు వేడి జబ్బు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పితే బుద్ధిగా స్టార్టయ్యేది. ఎండలో తిరిగొచ్చి, ఎక్కడో ఆపి, సామాను దించి మళ్లీ తిప్పితే మాత్రం సెల్ఫు గిర్రుగిర్రుమనడమే గానీ ఇంజను అందుకునేది కాదు. బాగా ఆరనిస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. అందుకని మేమొక తెలివితక్కువ పద్ధతి పట్టాం. సామాను దించుతున్నంతసేపూ ఇంజను ఆపకుండా ఉంచేవాళ్లం. నిలబడిన బండికి గాలి తగలక అది ఇంకా కాగిపోయి, జబ్బు ముదిరేది. మా ఆయన ఉన్నప్పుడూ అంతే, ఆయన పోయి షాపు నా నెత్తినపడి, మా మరిది బండి నడపడం మొదలుపెట్టాకా అంతే.

రేపల్లెలో ఒక చావు ఇంటి ముందు ఆ పద్ధతికి పెట్టు పడింది. ఇరుకు సందు. లోపల శవం, బయట మా బండి దడదడలాడుతోంది. "మీకు బుద్ధుందా, మనిషి పోయి మేమేడుస్తుంటే ఆ గోలేంటి, ఆపండి" అని వాళ్ల పెద్దాయన కేకలేశాడు. మా మరిది ఆపాడు. కుర్చీలు దించాం. ఇక చూస్కోండి, ఎంత తిప్పినా స్టార్టవదు. పాడె లేచే వేళయింది. సందు నిండా మా లారీ, పాడె బయటికి రావడానికి దారి లేదు. నలుగురూ నన్ను తిట్టిన తిట్లు ఇప్పుడు చెప్పను.

అప్పుడు ఎవరో ఈ మెకానిక్ భాయ్‌ని పిలుచుకొచ్చారు. ఏదో పనిమీద రేపల్లె వచ్చాడట. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, పొడుగు చేతులు, మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకుని, అత్తరు వీధి చివర్నుంచే కొడుతూ వచ్చాడు. ఈయన మెకానిక్కా, పెళ్లికొడుకు తండ్రా అనుకున్నాను. బానెట్ తెరిచి, మడ్‌గార్డు మీద పేపరు పరిచి, దానిమీద మోచెయ్యి ఆనించాడు. ఇంజన్ని కాసేపు చూశాడు. తర్వాత, పాడె మొయ్యడానికి తుండు తలకి చుట్టుకుని సిద్ధంగా ఉన్న ఒకాయన్ని పిలిచాడు.

"బాబాయ్, ఇలా రండి. కొంచెం వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తందా?"

ఆ బాబాయ్ బిత్తరపోయి, వంగి చూసి, "బాగా వస్తందయ్యా" అన్నాడు.

"అయితే పెట్రోలు ఎక్కువ తాగేసింది. యాక్సిలేటర్ అడుగుదాకా తొక్కి పట్టు. పట్టి ఉంచాలి, కొట్టకూడదు. ఇప్పుడు తిప్పు" అన్నాడు మా మరిదితో. నల్లటి పొగ ఒక్కసారి వదిలి, బండి అందుకుంది. పాడె కదిలింది. ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకుని, దణ్ణం పెట్టబోతున్న నాతో, "ఈ మూడూళ్లలో పెట్రోలు బండి నాడి తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే చెల్లెమ్మా. తెనాలి, రేపల్లె, బాపట్ల, ఎక్కడైనా అడగండి" అన్నాడు.

ఆ రోజు నుంచీ మా బండికి ఆయనే. ఆయనది తెనాలే. పొద్దున్నే షాపుకొచ్చి పేపరు చదివేవాడు. పని ఉన్నా లేకపోయినా ఒకసారి లారీ చుట్టూ తిరిగి, టైరుని కాలితో తన్ని, వచ్చి కూర్చునేవాడు. గొప్పలు బాగా చెప్పేవాడు. విన్నవాళ్లు నమ్మారో లేదో చూసుకునేవాడు కాదు.

ఆ వేడి జబ్బు గురించి నాకు చెప్పింది ఆయనే. ఆగిన బండిలో పెట్రోలు ఉడుకుతుందట. ఉడికి కార్బురేటర్‌లోంచి పొంగి ఇంజన్లోకి దిగిపోతే పెట్రోలు ఎక్కువైపోయినట్టు. అప్పుడు యాక్సిలేటర్ తొక్కిపట్టి గాలి ఆడనివ్వాలి. అలా కాకుండా, పెట్రోలొచ్చే గొట్టంలోనే ఆవిరైపోతే ఇంజనుకి అందేదే ఉండదు. అప్పుడు పక్కనున్న చిన్న పంపు మీద తడిగుడ్డ కప్పి, యాక్సిలేటర్ టపటపా కొట్టాలి. ఒకదాని మందు ఇంకోదానికి విషం. "బయటికి రెండూ ఒకేలా ఉంటాయమ్మా. వాసనొక్కటే తేడా" అనేవాడు.

మరి ఆ వాసన ఆయనెందుకు చూడడు? ఎప్పుడూ పక్కవాళ్లనే అడిగేవాడు. టీ కొట్టువాణ్ణి, రిక్షా అతన్ని, బస్సు కోసం నిలబడ్డ పంతుళ్లని. ముగ్గురూ ఒకే మాట చెప్పకపోతే పంచాయితీ పెట్టేవాడు. ఇద్దరు వస్తందని ఒకరు లేదంటే ఇద్దరి మాటే ఖాయం చేసేవాడు. ఒకసారి భట్టిప్రోలులో ఓటింగు రెండు రెండుగా తేలితే ఐదో మనిషి కోసం వీధిలోకి వెళ్లి నిలబడ్డాడు. అదంతా జనాన్ని పోగేసే సరదా అనుకున్నాను. ఎవరూ లేకపోతే నేనే గతి. "కొంచెం వాసన చూడు చెల్లెమ్మా" అని నన్ను పిలిచేవాడు. చీర కుచ్చిళ్లు పట్టుకుని, వేడి కొడుతున్న ఇంజన్లోకి తలదూర్చి వాసన చూసేదాన్ని. వస్తోందనో లేదనో అంటే తల ఊపి, తనకి ముందే తెలిసినట్టు "అదీ సంగతి" అనేవాడు. నాకు పని నేర్పుతున్నాడు కాబోలు, నేను సరిగా చెబుతానో లేదో పరీక్ష పెడుతున్నాడు కాబోలు అనుకునేదాన్ని. అదీ సంగతట!

ఇంకోటి చూడండి. ఒకసారి మా గోడౌన్లో వంట సిలిండరు లీకైంది. వాసనకి అందరం బయటికి పరిగెత్తాం. ఆయన మాత్రం లోపల కుర్చీలో కూర్చుని పేపరు తిప్పుతున్నాడు. మా మరిది వెళ్లి రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. "గ్యాస్ భాయ్, గ్యాస్!" అంటే, "తెలుసులేవోయ్, అంతమాత్రానికి పారిపోతారా?" అన్నాడు. ఆ గుండెధైర్యం గురించి నేను ఊరంతా చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది. పెళ్లి వంటల దగ్గర బిర్యానీ ఎలా ఉంది భాయ్ అని అడిగితే "రంగు బాగుందమ్మా" అనేవాడు. ఎవరైనా రంగు చూసి మెచ్చుకుంటారా? నాకప్పుడే అనుమానం రావద్దూ? రాలేదు. ఒక మనిషికి కాలు లేకపోతే కనిపిస్తుంది, చెవుడుంటే రెండు మాటలకి తెలుస్తుంది. ముక్కు లేకపోతే ఎలా తెలుస్తుంది, నాకు చెప్పండి.

మా మరిదికి ఆ బండంటే అసహ్యం. వాడి బాధలో న్యాయముంది. నడిరోడ్డు మీద ఆగిపోతే తిట్లు తినేది వాడే, ఎండలో తొయ్యమని నలుగురి గడ్డాలు పట్టుకునేది వాడే. "వదినా, ఇనప సామాన్లవాడికి ఇచ్చేద్దాం, డీజిలు బండి తీసుకుందాం" అని సీజను వచ్చినప్పుడల్లా మొత్తుకునేవాడు. నాకూ ఆ బండిమీద వల్లమాలిన ప్రేమేం లేదు. కానీ భాయ్ సంగతి ఏంటా అనుండేది. ఊళ్లో పెట్రోలు లారీలు ఒక్కోటీ పోయాయి. కొత్త కార్లలో కార్బురేటర్ అన్న మాటే లేదు. కుర్ర మెకానిక్కులు ఆయన్ని పెద్దాయనా అనేవారు గానీ పనికి పిలిచేవారు కాదు. ఒకరోజు పేపరు మడుస్తూ, ఏదో మామూలు మాటలా అన్నాడు. "మీ బండి ఉన్నన్నాళ్లే నన్ను మెకానిక్ అంటారమ్మా. తర్వాత ఒట్టి భాయ్‌నే."

ఆ ఏడు ఎండాకాలం పెళ్లిళ్లకి మా మరిది పట్టుబట్టాడు. బండైనా ఉండాలి, నేనైనా ఉండాలన్నాడు. భాయ్ అక్కడే ఉండి విన్నాడు. కుర్చీలోంచి లేచి, "రేపు మీకు భట్టిప్రోలు, రేపల్లె, బాపట్ల, మూడుచోట్ల సామాను దించేది ఉందిగా. మూడుచోట్లా ఇంజను ఆపిస్తా. మూడుచోట్లా వేడిమీదే స్టార్ట్ చేయిస్తా. ఒక్కచోట మొరాయించినా అమ్మేసుకోండి, నేను అడ్డం రాను" అన్నాడు.

"మాటంటే మాటేనా భాయ్?" అన్నాడు మా మరిది.

"నా మాట ఎప్పుడైనా పోయిందా అబ్బాయ్?"

మర్నాడు ముగ్గురం ముందు సీట్లో కూర్చుని బయల్దేరాం. ఎక్కేముందు నేను ఆయనకి ఒక మాట చెప్పాను. బాపట్లలో పెళ్లివారు పెద్దవాళ్లు, మాకు కొత్త బేరం. "ఇవాళ మాత్రం నన్ను ఇంజన్లో తల పెట్టమనకండి భాయ్. మొన్న అందరూ నవ్వారు. షాపు ఓనర్ని కదా, కాస్త మర్యాదగా ఉండాలి" అన్నాను. ఆయన నవ్వి, "అలాగేనమ్మా, మిమ్మల్ని అననుగా" అన్నాడు.

భట్టిప్రోలులో టీ కొట్టాయన్ని పిలిచి అడిగాడు. వస్తందండీ అన్నాడతను. యాక్సిలేటర్ తొక్కిపట్టించాడు, అందుకుంది. రేపల్లెలో బుట్టలతో వెళ్తున్న ఇద్దరు చేపలమ్మే ఆడవాళ్లని ఆపాడు. "చేపలోళ్లని వాసనడుగుతావేందయ్యా!" అని వాళ్లు పకపకా నవ్వి, వాసన చూసి, ఏం లేదన్నారు. తడిగుడ్డ కప్పాడు, యాక్సిలేటర్ కొట్టించాడు, అందుకుంది. మా మరిది మొహం మాడిపోయింది. చెరుకుపల్లి మీదుగా బాపట్ల వెళ్తుంటే భాయ్ దారంతా ఏదో కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. నాకు కూడా హుషారొచ్చింది. బండి నిలిచినట్టేనని మనసులో అనుకున్నాను.

బాపట్ల చేరేసరికి మిట్టమధ్యాహ్నం. వీధిలో కుక్క కూడా లేదు. పెళ్లివారింటి అరుగు మీద మగపెళ్లివారు కూర్చుని మమ్మల్ని చూస్తున్నారు. సామాను దించాం. భాయ్ బానెట్ తెరిచి, పేపరు పరిచి, వీధి ఈ చివరికీ ఆ చివరికీ చూశాడు. ఎవరూ లేరు. పెళ్లివారిని పిలవడానికి మొహమాటపడ్డాడు కాబోలు. నావైపు ఒకసారి చూశాడు. నేను ఓనరులాగా కొంగు సర్దుకుని ఎటో చూశాను. అప్పుడు మా మరిదిని పిలిచాడు.

ఎవర్ని అడుగుతున్నాడో చూడండి! ఆ బండి స్టార్ట్ కాకూడదని కోరుకునే మనిషి భూమ్మీద ఒక్కడే, వాడు మా మరిది. ఆ సంగతి భాయ్‌కి తెలీదా? తెలుసు. తెలిసీ, "అబ్బాయ్, కొంచెం వాసన చూడు" అన్నాడు.

వాడు వంగాడు. చూశాడు. "ఏం రావట్లా భాయ్" అన్నాడు.

భాయ్ ముక్కు సంగతి తెలిశాక వాణ్ణి మొన్న నిలదీశాను. "నా నోటినిండా గుట్కా ఉంది వదినా, నాకు నిజంగా తెలీలేదు, నీ మీదొట్టు" అన్నాడు. ఆ రోజు వాడి నోట్లో గుట్కా ఉన్న మాట నిజమే. నమ్మాలో వద్దో నాకు తేలలేదు. వాడు మాత్రం నేను నిలదీసిన రాత్రి అన్నం తినలేదని తోడికోడలు చెప్పింది.

వాడు వాసన రావట్లేదనగానే భాయ్ గుడ్డ తడిపి పంపు మీద కప్పాడు. "యాక్సిలేటర్ కొట్టు. ఇంకా కొట్టు" అన్నాడు. నేను బండికి అల్లంత దూరంలో వేపచెట్టు కింద నిలబడ్డాను. అక్కడికే గుప్పుమని కొడుతోంది పెట్రోలు. నాకు ఏమీ అర్థం కాలేదు. ఇదేంటి, తాగేసిన బండికి ఇంకా తాగిస్తున్నాడేంటి? ఈ రెండు మందుల తేడా నాకు చెప్పినాయనే కదా! నేను చెప్పేదేముంది, ఆయన ముక్కు ముందే ఉంది ఇంజను, ఏదో కొత్త కిటుకు చేస్తున్నాడు కాబోలు అనుకున్నాను. తర్వాత, ఈయనకి విసుగొచ్చింది, కావాలనే చెడగొడుతున్నాడు అనుకున్నాను. తిప్పగా తిప్పగా సెల్ఫు నీరసించింది. టక్కుమని ఆగిపోయింది. బ్యాటరీ అయిపోయింది. అరుగు మీద ఎవరో నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"అయిపోయింది వదినా. ఇక మాటంటే మాటే" అన్నాడు మా మరిది.

చెప్పొచ్చు కదా మనిషీ! నా ఒక్కదానికి చెప్పొచ్చు కదా. చెల్లెమ్మా చెల్లెమ్మా అని రోజూ పిలిచేవాడు, చెల్లెలికి చెప్పుకోకూడని సంగతా ఇది? నేనేమన్నా బండి తీసుకెళ్లి ఇంకొకరికి ఇచ్చేస్తానా? ఇచ్చేదాన్నేమో, ఏమో. ఆ మాట కూడా నాకు గట్టిగా తెలీదు. చచ్చిపోయిన మనిషిమీద కోపం తెచ్చుకుని ఏం చేస్తాం. కానీ కోపం వస్తోంది, ఏడుపూ వస్తోంది.

ఆ రోజు ఆయన బానెట్ మూసేశాడు. పేపరు తీసి మడవబోయి, మడవకుండా కాలవలో పడేశాడు. గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. తుడుచుకుని వేపచెట్టు కింద నా దగ్గరికి వచ్చాడు.

"చెల్లెమ్మా, ఒక్క మాట. మీకేమన్నా వాసన వచ్చిందా?" అని మెల్లగా అడిగాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏంటండీ భాయ్, వీధి చివరిదాకా కొడుతుంటే నన్నడుగుతారేంటి? అక్కడే ఉన్నారు కదా, మీకు తెలీలేదా?" అన్నాను.

ఆయన చొక్కా చేతులు కిందికి దించుకుని, మణికట్టు దగ్గర గుండీ పెట్టుకున్నాడు. రెండో చేతిది కూడా పెట్టుకున్నాడు.

"తెలిసిందమ్మా, తెలీకపోవడమేంటి" అన్నాడు.